స్తంభం పక్కన సాలమ్మ

మొగుళ్ల మీద చెప్పుకోవడానికి నాచారంలో ఆడవాళ్లకు కావలసినన్ని సంగతులున్నాయి. తాగేవాడి పెళ్లాం తాగుడు గురించి చెబుతుంది, తాగనివాడి పెళ్లాం పిసినారితనం గురించి చెబుతుంది. దీపకు చెప్పుకోవడానికి ఒక్కటే ఉండేది. కెమెరాకు కొత్త లెన్సు కొన్నప్పటి నుంచి, పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆమె మొగుడు ఉపేందర్ కాలు కదపడం మానేశాడు. పెళ్లిళ్లలో నిలబడ్డ చోటి నుంచే అందరినీ దగ్గరికి లాక్కుంటాడు, అది సరే. ఇంట్లో కూడా అదే పద్ధతి. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని సోఫాలోంచి చెబుతాడు కానీ లేచి వెళ్లి పొయ్యి కట్టేయడు. "కనవడ్తున్నయి గదా, జర పోయి బంద్ జేస్తే ఏంబోయింది?" అంటే, "చెప్పిన గదనే" అంటాడు, చెప్పడంతో తన వంతు అయిపోయినట్టు.

అయితే ఆ లెన్సు కొనిపించింది దీపే. అందువల్ల ఈ ఫిర్యాదును ఎవరి దగ్గరా చివరిదాకా చెప్పుకునే వీలు లేకపోయింది.

అంతకుముందు ఉపేందర్ సంచిలో మూడు లెన్సులుండేవి. ఒకటి మండపమంతా పట్టేది, ఒకటి మొహాలకు, ఒకటి దూరానికి. మూడోది పొత్రమంత బరువు. దాన్ని మోసి మోసి కుడి భుజం కిందికి జారిందని దీప అనుమానం. నారపల్లిలో ఒక పెళ్లిలో ఆయన ఒక లెన్సు విప్పి ఇంకోటి బిగించేలోపు పెళ్లికొడుకు రెండు ముళ్లు వేసేశాడు. ఫోటోకు మూడోది మాత్రం దొరికింది. పెళ్లికూతురి తండ్రి మళ్లీ మొదటి నుంచి కట్టించమన్నాడు, పంతులు ఒప్పుకోలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఉపేందర్ అన్నం తినకుండా కూర్చుంటే దీపే అన్నది. "నేను ఒక్క కుక్కర్ల అన్నీ వండుతలేనా? నీకెందుకు గిన్ని గిన్నెలు? అన్నిటికీ ఒక్కటే లెన్సు ఉంటదంట గదా, అది తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. పాత మూడూ అమ్మేసి కోఠిలో ఆ ఒక్కటి కొన్నాడు. చేత్తో తిప్పితే చాలు, హాలంతా పట్టేది కాస్తా హాలు చివర కూర్చున్న మనిషి ముక్కుపుడకను పట్టేస్తుంది. విప్పే పని లేదు, బిగించే పని లేదు, లోపల దుమ్ము పడే భయం లేదు. భుజం నొప్పి కూడా తగ్గింది. ఏ ముడీ తప్పిపోలేదు.

కానీ అన్నీ చేస్తానన్న మిక్సీ సంగతి ఆడవాళ్లకు తెలియనిది కాదు. అందులో పచ్చడి అవుతుంది, కారం అవుతుంది, మినప్పప్పు మాత్రం గారెలకు కావలసినట్టు ఎన్నటికీ నలగదు. ఈ లెన్సూ అంతే. దూరాన ఉన్నదాన్ని ఎంత దగ్గరికి లాగితే, దానికి అంత వెలుగు తక్కువ అందుతుంది. ఎండలో బాధ లేదు. ఫంక్షన్ హాల్లో మండపం మీద ఎన్ని లైట్లున్నా వెనక కుర్చీల వైపు చీకటే. అక్కడి మనిషిని లాగి తీస్తే మొహం మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. చెయ్యి ఏ మాత్రం కదిలినా కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. ఆల్బంలో ఓ మూల చిన్న బొమ్మగా వేస్తే ఎవరికీ తెలియదు. ఆల్బంలు కూర్చేది దీపే కాబట్టి ఆమెకు తెలుసు. తెలిసినవాళ్లు చెప్పుకోవలసినంత విషయం కాదనుకుంది.

సాలమ్మ పోయేదాకా.

సాలమ్మ ఉపేందర్ తల్లి. వాళ్లతోనే ఉండేది. ఆ పొద్దున చాయ్ తాగింది, మిద్దె మీద వడియాలు ఆరబోసింది, ఎండెక్కాక కిందికి దిగి ఛాతీ పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఆటో ఎక్కించారు. ఉప్పల్ చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని నిలబడి ఉన్నాయి. దీప ఒళ్లో తల పెట్టుకుని, "జర నీళ్లియ్యి బిడ్డా" అన్నది. సీసా మూత తీసేసరికి ఆ నీళ్లతో పని లేకపోయింది. దవాఖానాకు వెళ్లింది పోయిందని చెప్పించుకోవడానికే.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, మేడ మీద ఉండే ఇంటి ఓనరు అన్నపూర్ణమ్మ గారు కిందికి వచ్చి, కాసేపు కళ్లు తుడుచుకుని, మెల్లగా అడిగారు. "తల దగ్గర ఒక ఫోటో పెట్టాలి కదమ్మా. ఏదీ అత్తగారి ఫోటో?"

ఉపేందర్ తలెత్తి దీపను చూశాడు. దీప గోడలను చూసింది. గోడల మీద ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లున్నాయి.

వెతికారు. సాలమ్మ పెళ్లినాటి ఫోటో ఊళ్లో పాత ఇంట్లో వానకు తడిసి అద్దానికి అంటుకుపోయింది; లాగితే మొగుడొచ్చాడు, ఆమె రాలేదు. ఆధార్ కార్డు మీది మొహాన్ని రేషన్ డీలరు కూడా ఆమెదని ఎప్పుడూ నమ్మలేదు. ఫోన్లలో చాలా ఉన్నాయి. అన్నింటిలో కొంగుంది. ఎవరు ఫోను ఎత్తినా ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ముసల్దాన్ని నన్నేం దీస్తరు, పొండి" అనేది. "రేపు మంచిగ కూసోవెట్టి తీస్తనే అవ్వా" అని కొడుకు ఎన్నోసార్లు అన్నాడు. ఫోటోగ్రాఫర్ ఇంట్లో రేపటికి కొదవేముంది.

చివరికి దొరికింది ఒక్కటే. ఎండాకాలంలో బోడుప్పల్లో ఉపేందర్ అక్క రాణి కూతురి పెళ్లి జరిగింది. మేనమామే ఫోటోగ్రాఫరు. ఆ పెళ్లిలో సాలమ్మ హాలు చివర స్తంభం పక్కన కూర్చుని ఉండగా ఉపేందర్ మండపం మీది నుంచే లెన్సు తిప్పి తీసిన ఫోటో. కొంగు అడ్డం లేదు, ఎందుకంటే తీస్తున్నట్టు ఆమెకు తెలియదు. కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద నిండుగా, సాలమ్మలాగే ఉంది. కంప్యూటర్లో పెద్దది చేస్తే ఇసుక. ఇంకొంచెం పెద్దది చేస్తే, ముసలామె ఎవరో వానలో తడిసిన అద్దం వెనక కూర్చున్నట్టుంది.

పెద్దకర్మ నాటికి సాలమ్మకు ఒక మొహం కావాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో అందరికీ అదే పని అయింది.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టి వచ్చిన తర్వాత రాణి ఆ ఫోటో చూసింది. మొదట ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆపి తమ్ముడి వైపు తిరిగింది.

"ఊరందరి అవ్వల ఫోటోలు దీస్తవ్. మన అవ్వ మొకమేదిరా?"

ఉపేందర్ ఆ ఫోటో తీసి పక్కన పెట్టబోయాడు.

"దగ్గరికి పోయి తియ్యనీకి నీ కాళ్లకేమైంది? ఉన్నకాడికెల్లే తిప్పుడు, లాగుడు. గదేం లెన్సు, గదేం పని? పైసలు ఇచ్చేటోళ్లకు గిట్లనే తీస్తవా?"

"లెన్సు కొనమన్నది నేనే వదినా," అన్నది దీప. "తిట్టాలంటే నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిడ్త? నువ్వు తీసినవా ఫోటో? వాడు కన్నకొడుకు."

రాణి భర్త మహిపాల్ నారపల్లి వైపు ప్లాట్లు అమ్మిస్తాడు. ఏడుపుల మధ్య పని జరిపించడం అలవాటున్న మనిషి. "అయిందేదో అయిందిగని, బావమరిదీ, నువ్వు రూపం ఎట్లనన్న తెప్పియ్యి. బోడుప్పల్ చౌరస్తాల ఫ్లెక్సీ పెడుతున్న. మనిషెత్తు. అత్తమ్మ ఎంత గొప్పగ బతికిందో నలుగురికి తెల్వాలె."

సాలమ్మ ఎలా బతికిందో ఆ నలుగురికీ తెలుసు. మహిపాల్ ప్లాట్లు అమ్ముడుపోని రోజుల్లో వాళ్లింటికి బియ్యం మోసింది ఆమే. కానీ అది ఫ్లెక్సీ మీద వేసే సంగతి కాదు కాబట్టి దీప ఊరుకుంది.

మహిపాల్ తన ఫోన్లో ఏదో యాప్ తీశాడు. చెదిరిన మొహాలను అదే సర్దుతుందట. ఫోటో ఇచ్చాడు, అది కాసేపు గుండ్రంగా తిరిగి, ఒక మొహాన్ని బయటపెట్టింది. నున్నటి చెంపలు, వరసగా తెల్లటి పళ్లు. నుదుటి మీది పచ్చబొట్టును మచ్చ అనుకున్నట్టుంది, శుభ్రంగా తుడిచేసింది. కళ్లు కూడా చక్కగా ఉన్నాయి. ఏ స్కూలుకో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనామె ఎవరో చూస్తున్నట్టుంది.

"సూడు, మస్తుంది గదా," అన్నాడు మహిపాల్.

ఉపేందర్ ఆ ఫోన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "గీమె ఎవరు బావా?" అన్నాడు.



మరుసటి రోజు నుంచి ఉపేందర్ స్టూడియో తాళం తీయలేదు. పెళ్లి బేరానికి ఎవరో ఫోన్ చేస్తే ఎత్తి, వేరేవాళ్ల నంబరు ఇచ్చాడు. కెమెరా సంచిని మంచం కిందికి నెట్టాడు. గడ్డం చేసుకోకూడదు కాబట్టి చేసుకోలేదనుకోవచ్చు, కానీ తినకపోవడానికి ఏ శాస్త్రమూ లేదు. దీప పళ్లెం పెట్టి, తీసి, మళ్లీ పెట్టేది. మొహం లేని ఫోటో ముందు ఈ మనిషిని కర్మకు కూర్చోబెడితే మళ్లీ కెమెరా పట్టడన్న భయం ఆమెకు పట్టుకుంది. ఇంటికి వచ్చిపోయే ప్రతివాడూ ఆ ఇసుక మొహాన్ని చూసి, తర్వాత అతన్ని చూసి, "నీ దగ్గర ఒక్కటి గూడ లేదారా?" అని అడుగుతున్నాడు.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే దీప ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. రాణి కూతురి పెళ్లి ఆల్బం కూర్చేటప్పుడు ఆమె పక్కన పడేసిన ఫోటోలు వందల్లో ఉంటాయి. కళ్లు మూసుకున్నవి, నోరు తెరిచినవి, ఎవరి వీపో అడ్డం వచ్చినవి. వాటిని ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. ఇంతకుముందు ఆమె వాటిని చూసింది పనికొస్తాయా రావా అని. ఎవరున్నారని కాదు.

స్తంభం ఫోటోకు ముందు ఇంకో రెండు ఉన్నాయి. వెంట వెంటనే తీసినవి.

మొదటి దాంట్లో సాలమ్మ కుర్చీలోంచి లేచి మండపం వైపు నడిచి వస్తోంది. పిడికిలి మూసి ఉంది, అందులో అక్షింతలు. అది చెదిరింది.

రెండోది తీసిన క్షణంలో వీడియో అబ్బాయి చేతిలోని పెద్ద లైటు ఎందుకో అటు తిరిగినట్టుంది. సాలమ్మ మొహం మీద వెలుగు నిండుగా పడింది. పచ్చబొట్టు ఉంది. చెంప మీది ముడతలు ఉన్నాయి. ఒక పన్ను లేని నవ్వు, అప్పుడే ఆరిపోవడం మొదలైన నవ్వు ఉంది.  అత్తమ్మ. ఇన్ని రోజులుగా వెతుకుతున్న మొహం.

ఎందుకు పక్కన పడేసిందో కూడా అప్పుడే కనిపించింది. పక్క నుంచి ఒక చెయ్యి అడ్డం వచ్చింది. నిండా గోరింటాకు, మోచేతి దాకా పెళ్లి గాజులు, రాళ్ల ఉంగరం. అరచెయ్యి సాలమ్మ గొంతు కింద, ఛాతీకి ఆనించి ఉంది. ఆపుతోంది. మనిషి ఫోటోలో లేదు, కానీ చీర అంచు ఉంది. రాణి ఆ చీర కొనుక్కునేటప్పుడు దీప కూడా వెంట ఉంది.

ఆ తర్వాతిదే స్తంభం ఫోటో. సాలమ్మ మళ్లీ కూర్చుంది. పిడికిలి ఇంకా మూసే ఉంది.

దీపకు కోపం వచ్చినప్పుడు చేతులు చాలా నిదానంగా పనిచేస్తాయి. ఫోటోను ఫోన్లోకి పంపుకుంది. బంధువులందరూ ఉన్న గ్రూపు తెరిచింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, అన్నోజిగూడ నుంచి జనగామ దాకా అందరికీ చేరుతుంది, నొక్కినామె ఒక్క మాటైనా అననక్కర్లేదు. ఆమె వేలు అక్కడిదాకా వెళ్లి, కొంచెంసేపు హాయిగా నిలబడి, వెనక్కి వచ్చింది. సాలమ్మను ఇంకోసారి అందరి ముందూ ఆపించడం అవుతుందనిపించింది.

ఉపేందర్‌ను లేపి చూపించింది. అతను మొహాన్ని చూసి తెర మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఆ అడ్డం వచ్చిన చేతిని చూశాడు. 

"నీకు తెల్వదా?" అన్నది దీప.

"పుస్తె గట్టంగనే అవ్వ ఏం జేస్తుందో సూద్దామని తిప్పిన. మూడుసార్లు నొక్కి మళ్ల ఇటు మళ్లిన. పాత లెన్సులైతే అది బిగించేలోపు ఇదంత అయిపోతుండె, గిది గూడ దొరకకపోతుండె." ఆగాడు. "చిన్న తెరల మంచిగనే కనవడ్డది. నవ్వుతుందనుకున్న. నా పక్కనే ఉన్నట్టు అనిపించింది దీపా. గిదే దీని రోగం. మనిషి దూరమున్నదని మర్సిపోతం. పోయి చెయ్యి వట్టుకొని తోల్కరావాలన్నది యాదికే రాదు."

"ఆ చెయ్యి తీసెయ్యొచ్చా?"

"తీసెయ్యొచ్చు. కింద అవ్వ మెడ నేను గీసుకోవాలె. నాకు గీసుడు రాక గాదు." తల ఊపాడు. "బావ చూపిచ్చిన ముసలామె మొకం అసొంటిదే అయితది అది గూడ. ఉన్నది ఉన్నట్టే ఉండనీ."

పెద్దది చేస్తే అది కూడా పగులుతుంది. అందుకని అరచేతికి కాస్త పెద్దగా, అంతకు మించకుండా ప్రింటు తీశాడు. ఆ సైజులో సాలమ్మ నిజంగా ఉంది. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం అతను అన్నం తిన్నాడు, సగమే తిన్నా. అక్క గురించి మాత్రం ఏమీ అనలేదు. అంటాడేమోనని దీప ఎదురుచూసింది, కొంచెం ఆశగానే.

పెద్దకర్మ రోజు సందులో టెంటు వేశారు. చౌరస్తాలో ఫ్లెక్సీ లేదు. ప్రింటు అంత పెద్దగా రాదని ఉపేందర్ చెప్పేశాడు. మహిపాల్ అలిగి, వంటవాళ్ల మీద ఆ కోపం తీర్చుకుంటున్నాడు. కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచి, ఫోటో పెట్టి, దీప బంతిపూల దండ వేసింది. సన్న దండ దొరికినా లావుది కొన్నది. అది సరిగ్గా సాలమ్మ గొంతు కింద నుంచి నిండుగా వేలాడింది. గోరింటాకు లేదు, గాజులు లేవు. వచ్చినవాళ్లు వంగి చూసి, "అచ్చం సాలమ్మనే" అని కళ్లు ఒత్తుకున్నారు.

రాణి కూడా వంగింది. "గింత చిన్నదా?" అన్నది ముందు. తర్వాత మొహాన్ని చూసి పెదవి బిగించుకుంది. "ఏడ దొరికింది గిది?"

"పెళ్లిలదే వదినా," అన్నది దీప.

"దండ మీదికొచ్చింది. మెడ కనవడ్తలేదు." రాణి దండను సర్దడానికి పైకెత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫోటోలో చేతికీ ఈ చేతికీ అదే రాళ్ల ఉంగరం. దీప పక్కకు చూడకుండా నిలబడింది. రాణి దండను మెల్లగా వదిలింది. పూలు మళ్లీ గొంతు కిందికి సర్దుకున్నాయి. ఆమె వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుని, నేలకేసి చూడటం మొదలుపెట్టింది. దీపకు ఆశ్చర్యం కలగలేదు. రాణి దాన్ని ఎత్తి సర్దుతుందనే లావుది కొన్నది. కాకపోతే, కొన్నందుకు ఆ నిమిషం తన మీదే విసుగు పుట్టింది.

భోజనాలకు లేవబోయే ముందు మొగిలయ్య వచ్చాడు. సాలమ్మ తమ్ముడు, అన్నోజిగూడలో ఉంటాడు. కాళ్లు కడుక్కుని, ఫోటో దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని చూశాడు. కోపాన్ని దుఃఖం కంటే గట్టిగా వినిపించగల మనిషి.

"ఏందిరా ఇది? అక్క మొకానికి గింత కాయితమేనా?"

ఉపేందర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. గుండు మీద ఎండ పడుతోంది.

"పెద్దగ రాదు మామా. దూరంకెల్లి తీసిన."

"ఎందుకు రాదు? లక్షల మిషిన్లు గొంటివి. కన్నతల్లిని దగ్గర నిలవెట్టుకొని ఒక్క ఫోటో దియ్యలేకపోతివా? పెళ్లిల పైసలిచ్చినోళ్లను స్టేజీ ఎక్కిస్తివి, అవ్వ మాత్రం దూరంకెల్లి గావాల్నా నీకు?"

"నేను ముందటికెల్లి జెప్తున్న మామా," అన్నాడు మహిపాల్, నీళ్ల జగ్గుతో వెళుతూ. "కూసున్నకాడికెల్లి తిప్పుడే పని. లేవడు."

కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ ఉపేందర్‌నే చూస్తున్నారు. అతను చేతులు ముందుకు కట్టుకుని, కొట్టించుకోవడానికి నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"ఇగ ఆ కెమెరా మూసీల పారెయ్," అన్నాడు మొగిలయ్య. "నీ తల్లికి అక్కరకు రాని పని నీకెందుకు?"

దీప నోరు తెరిచింది. ఈసారి ఆపుకోదలచుకోలేదు. కానీ ఆమెకంటే ముందు ఆడవాళ్లలోంచి రాణి లేచింది. లేచేటప్పుడు తూలి, పక్కామె భుజం పట్టుకుంది.

"వాన్ని అనకు మామా."

"ఎందుకనొద్దు?"

రాణి ఫోటో దగ్గరికి నడిచి వచ్చింది. దండను రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా తీసేసింది. పూలు కొన్ని తెగి కుర్చీ మీద పడ్డాయి. మొగిలయ్య వంగాడు. వెనక ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఎవరి చెయ్యి గిది?" అన్నాడు మొగిలయ్య.

"నాదే," అన్నది రాణి. గొంతు పెద్దది కాదు, కానీ టెంటులో అందరికీ వినిపించింది. "అవ్వ అచ్చింతలు వట్టుకొని వస్తనే ఉండె. పిల్ల ముంగటికి మొగుడు లేని మనిషి రావొద్దని నేనే ఆపిన. జర సేపు ఆ స్తంభం కాడ కూసో అవ్వా, పిలుస్త అన్న. మల్ల పిలువలే. ఫోటోలకు గూడ పిలువలే. వాడు దూరంకెల్లి గాక ఏడికెల్లి తీస్తడు? వాన్ని ఇన్ని రోజులు నేనే తిడ్తి. నాదే తప్పు మామా. నాదే తప్పు."